స్కానర్ వచ్చి కూర్చుంది. రోజువారీ రిపోర్టింగ్‌లోకి ఎలా తేవాలి?

స్లైడ్‌ట్రే (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది నలుగురు పాథాలజిస్టులున్న హిస్టోపాథాలజీ విభాగం, అంటే శరీరం నుంచి తీసిన ముక్కలను గాజు స్లైడుల మీద చూసి జబ్బు తేల్చే చోటు. రెండు వారాల క్రితం, గాజు స్లైడ్‌ని తెర మీద చూసే ఫోటోగా మార్చే స్లైడ్ స్కానర్ వచ్చింది. దాంతోపాటు ప్రోస్టేట్ బయాప్సీలు చూసే ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి ట్రయల్‌కి ఇచ్చారు. కొన్నాళ్లకు చిన్న ఎన్‌జీఎస్ ప్యానెల్ (ఒకేసారి చాలా జన్యువులు చదివే పరీక్ష) కూడా మొదలుపెట్టాలని యాజమాన్యం ఆలోచన. నెల తిరిగేసరికి రిపోర్టింగంతా తెర మీదే జరగాలని మెయిల్ వచ్చింది.

డెమో రోజు కళ్లు చెదిరిపోయాయి. వాళ్లు తెచ్చుకున్న స్లైడులు కదా మరి! మర్నాడు మావి 30 పెడితే 7 మళ్లీ స్కాన్ చేయాల్సి వచ్చింది. ఒకదాంట్లో సగం ముక్క మసక. ఇంకోదాంట్లో కవర్‌స్లిప్ (పైన కప్పే పలచటి గాజు) కింద గాలిబుడగ ఉంటే స్కానర్ దాని అంచు మీద ఫోకస్ పెట్టుకుని కణజాలాన్ని వదిలేసింది.

నలుగురిలో ఒకరికి మహా ఉత్సాహం. ఒకరు మైక్రోస్కోప్ వదలనంటే వదలనంటున్నారు. మూడో ఆవిడ "మీరేది తేలిస్తే అది" అని తప్పుకున్నారు. బాధ్యత నా నెత్తిన పడింది. ఇలాంటివి రోజువారీ పనిలోకి తెచ్చినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టారు, ఏది ముందు, ఏది తర్వాత? స్కానర్ అనే కాదు, ఏ కొత్త పరీక్ష గురించైనా చెప్పండి. నిజం చెప్పాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది.

---

మైక్రోటోమ్ మామ

డాక్టర్ గారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ డెమోకి మీ టెక్నీషియన్లను పిలిచారా?

మైక్రోస్కోప్ కింద మీరు చూసేటప్పుడు సెక్షన్‌లో (కణజాలం నుంచి కోసిన పలచటి పొరలో) మడత ఉంటే మీ చెయ్యి దానంతటదే ఫైన్ ఫోకస్ తిప్పేస్తుంది. మడత ఉందన్న సంగతి కూడా మీకు గుర్తుండదు. స్కానర్‌కి ఆ చెయ్యి లేదు. మడత ఒక ఎత్తులో, మిగతా ముక్క ఒక ఎత్తులో ఉంటే ఏదో ఒకటే తీస్తుంది. మౌంటెంట్ (కవర్‌స్లిప్ అంటించే జిగురు) ఆరకముందే పెడితే స్లైడ్ ట్రేకి అంటుకుంటుంది. కవర్‌స్లిప్ ఒక మిల్లీమీటరు బయటికొచ్చినా లోపల ఇరుక్కుంటుంది. లేబుల్ మీద ఇంకో లేబుల్ అంటిస్తే మందం ఎక్కువై అదీ ఇబ్బందే. మీరు ప్రేమగా పెన్నుతో పెట్టే చుక్కలు ఉన్నాయి చూశారూ, వాటిని కూడా కణజాలం అనుకుని స్కాన్ చేసి పెడుతుంది.

మా దగ్గర స్కానర్ వచ్చిన మొదటి నెల రీస్కాన్లు తగ్గించడానికి మేము స్కానర్ జోలికి పోలేదు. సెక్షన్లు 3 నుంచి 4 మైక్రాన్లలో ఒకే మందంగా వచ్చేలా చూసుకున్నాం, బ్లేడ్ త్వరగా మార్చడం మొదలుపెట్టాం, వాటర్ బాత్ దగ్గర ఇంకో పది సెకన్లు ఆగాం. అంతే. మిషన్ లోపం అని ఇంజినీర్‌ని మూడుసార్లు పిలిపించిన తర్వాత తెలిసిన సంగతి ఇది.

---

మూడో కన్ను

మామ చెప్పినదానికి రెండు చేతులా దండం. ఇక మీ పాథాలజిస్టుల వైపు సంగతి చెబుతాను.

నెల గడువు అన్నారు కదా, దాన్ని ముందు పక్కన పెట్టించండి. తెర మీద సైన్‌ఔట్ (రిపోర్టు తేల్చి సంతకం) చేయాలంటే మీ ల్యాబ్‌లో, మీ స్లైడులతో, మీ స్కానర్ మీద, మీ మానిటర్ల మీద వాలిడేషన్ (తెర మీదా గాజు మీద అంత నమ్మకంగా తేలుతుందన్న రుజువు) జరగాలి. కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్ 2013లో ఇచ్చి తర్వాత సవరించిన మార్గదర్శకాలు చాలామంది వాడతారు. కనీసం 60 కేసులు. ఒకే పాథాలజిస్టు ఒకే కేసును గాజు మీద ఒకసారి, తెర మీద ఒకసారి చూడాలి. మధ్యలో కనీసం రెండు వారాల విరామం ఉండాలి, లేకపోతే చూసేది కళ్లు కాదు, జ్ఞాపకం. రెండు డయాగ్నోసిస్‌లూ కలిసేది 95 శాతం కన్నా తక్కువైతే కారణం వెతకాలి.

ఇక్కడ జనం చేసే పొరపాటు ఒకటుంది. మీ డయాగ్నోసిస్‌ని పక్క సీటు పాథాలజిస్టు డయాగ్నోసిస్‌తో పోలుస్తారు. ఇద్దరు పాథాలజిస్టులు గాజు మీదే ఒప్పుకోరు, దానికి స్కానర్‌ని తిట్టి ఏం లాభం? మీతో మిమ్మల్నే పోల్చుకోవాలి.

కేసులు ఏరుకునేటప్పుడు లైపోమాలు, అపెండిక్సులు పెట్టి 60 నింపేయకండి. కష్టమైనవి పెట్టండి. తెర మీద ఇబ్బంది పెట్టేవి ఏవో ముందే తెలుసు: కడుపులో ఉండే హెలికోబాక్టర్ లాంటి సన్న జీవులు, ఆమ్లనిరోధక బాసిల్లై (క్షయ లాంటి బాక్టీరియా), మైటోసిస్ (విభజన అవుతున్న కణాల) లెక్క, ఇయోసినోఫిల్ (ఒకరకం తెల్లకణం) రేణువులు, తక్కువ స్థాయి డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కి ముందుండే మార్పు). అమిలాయిడ్ అనే పేరుకున్న ప్రొటీన్‌కి కాంగో రెడ్ రంగు వేస్తే పోలరైజర్ కావాలి, మామూలు స్కాన్‌లో ఆ యాపిల్ ఆకుపచ్చ రాదు. సైటాలజీ స్మియర్లయితే (విడి కణాలు పూసిన స్లైడులు) కణాలు వేరువేరు ఎత్తుల్లో ఉంటాయి, ఒకే పొర స్కాన్ చాలదు. ఇంకొకటి, రోజూ వేసే మామూలు రంగు హెచ్ అండ్ ఈకి చేసిన వాలిడేషన్ ఐహెచ్‌సీకి (యాంటీబాడీలతో ప్రొటీన్లు వెతికే పద్ధతికి) చెల్లదు, దానికి విడిగా చేసుకోవాలి.

---

పాత మైక్రోస్కోప్

నేను వదలనంటే వదలనన్న ఆ రెండో డాక్టర్ లాంటివాణ్ణే. ఆయన తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ముప్ఫై ఏళ్లలో గుడ్డ కప్పి మూలన పెట్టిన మిషన్లు చాలా చూశాను. నేను పనిచేసిన ఒకచోట కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమీటర్ కొన్నారు. రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు తీశారు. రోజుకు ఒక శాంపిల్ కూడా వచ్చేది కాదు. యాంటీబాడీలు ఎక్స్‌పైరీ అయ్యేవి. నేర్చుకున్న టెక్నీషియన్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఆ మిషన్ మీద తర్వాత ఫైళ్లు పెట్టుకునేవాళ్లం.

అలాగని కొత్తదంతా దండగ అనను. ఐహెచ్‌సీ నా కళ్ల ముందే నిలదొక్కుకుంది. యాంటీబాడీకి ఫ్లోరెసెంట్ రంగు తగిలించి కణజాలంలో వెతకడం ఆల్బర్ట్ కూన్స్ 1941లోనే చేశాడు. ఒకే లక్ష్యాన్ని పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలు 1975లో వచ్చాయి. అయినా ఫార్మలిన్‌లో పెట్టిన మామూలు బ్లాకుల (మైనంలో పెట్టిన కణజాలం) మీద చాలా యాంటీబాడీలు పనిచేసేవి కావు. 1991లో స్లైడులను మైక్రోవేవ్‌లో వేడిచేస్తే దాగిన యాంటిజెన్‌లు (యాంటీబాడీ అంటుకునే చోట్లు) బయటపడతాయని తేలింది. అక్కడి నుంచి అది అందరి ల్యాబుల్లోకీ వచ్చింది. నోబెల్ వచ్చింది యాంటీబాడీలకే కానీ, మా టేబుల్ మీదికి వాటిని తెచ్చింది మాత్రం ఆ వేడినీళ్లు!

కాబట్టి స్లైడ్‌ట్రే గారిని ఒకటే అడుగుతున్నా. ఈ స్కానర్ మీ విభాగంలో ఏ పనికి? ఇవాళ మీకు ఎక్కడ ఆగిపోతోంది, అది దీంతో కదులుతుందా? "అందరూ కొంటున్నారు" అన్నది జవాబు కాదు.

---

స్లైడ్‌ట్రే

సర్, ఈ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడుక్కోలేదు. సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే తేలింది ఇది. రిపోర్టు ఆలస్యం అవుతున్నది స్లైడ్ చూడడం దగ్గర కాదు. సెకండ్ ఒపీనియన్ దగ్గర. మా ఇంకో శాఖలో ఉన్న సహోద్యోగికి స్లైడులు పంపి, తిరిగి వచ్చేసరికి నాలుగైదు రోజులు. ఇంకోటి, పాత బయాప్సీతో పోల్చుకోవాలంటే స్టోర్‌లో స్లైడ్ వెతకడానికే పూట పోతుంది. ఈ రెండింటికీ స్కానర్ పనికొస్తుంది. రోజువారీ సైన్‌ఔట్ అంతా ఒక్కసారిగా మార్చాల్సిన అవసరం అయితే నాకు కనబడట్లేదు.

---

పాత మైక్రోస్కోప్

అదీ మాట. ఆ రెండింటితో మొదలుపెట్టండి. ఆ మెయిల్‌కి ఇదే జవాబుగా రాయండి.

---

బయోకెమ్ బాబాయ్

హిస్టో వాళ్ల వాలిడేషన్ కబుర్లు విని నవ్వొస్తోంది, క్షమించాలి. బయోకెమిస్ట్రీలో కొత్త అనలైజర్ వచ్చిన ప్రతిసారీ మేం చేసేది ఇదే.

మాటలు రెండు ఉన్నాయి, కలిపేయకండి. తయారీదారు చెప్పిన పనితీరు మీ చేతుల్లోనూ వస్తోందా అని చూసుకోవడం వెరిఫికేషన్. పరీక్ష మీరే తయారుచేసుకున్నా, తయారీదారు చెప్పిన పద్ధతి మార్చినా మొత్తం మొదటి నుంచి రుజువు చేసుకోవడం వాలిడేషన్, దానికి పని చాలా ఎక్కువ. ఉదాహరణకి సీరంకి ఆమోదించిన కిట్ మీద ప్లూరల్ ద్రవం (ఊపిరితిత్తుల చుట్టూ చేరే నీరు) పెట్టారనుకోండి, అది రెండో కోవలోకి వస్తుంది. ఈ తేడా తెలియక ఆడిట్‌లో దొరికిపోయినవాళ్లు ఉన్నారు.

పాత మిషన్, కొత్త మిషన్ పోల్చేటప్పుడు కనీసం 40 రోగి శాంపిల్స్, తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని స్థాయుల్లో ఉండాలి. చాలామంది గ్రాఫ్ గీసి "కోరిలేషన్ 0.99 సర్, సూపర్" అంటారు. కొత్త మిషన్ ప్రతి ఫలితాన్నీ సరిగ్గా రెట్టింపు చూపించినా కోరిలేషన్ 1 వస్తుంది! బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లోనే లాన్సెట్‌లో ఇది రాశారు. రెండింటి తేడాను సగటు మీద గీసి చూడండి, ఎక్కడ తప్పుతోందో కంటికి కనబడుతుంది.

ఇంతా చేసి మేము బోల్తాపడింది మాత్రం వేరేచోట. గుండెపోటు చూసే హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ పరీక్షకి మారాం. వెరిఫికేషన్ అద్దంలా వచ్చింది. పాతది మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇచ్చేవాళ్లం, కొత్తది లీటరుకు నానోగ్రాముల్లో. అంటే నిన్నటిదాకా 0.04 అని చూసిన డాక్టరుకి ఇవాళ 40 కనబడింది. మొదటి రాత్రి ఎమర్జెన్సీ నుంచి ఫోన్లే ఫోన్లు. ఒకాయన "మీ మిషన్ తగలబడిందా?" అని అడిగారు. పైగా ఆడవాళ్లకి, మగవాళ్లకి 99వ పర్సెంటైల్ హద్దులు (ఆరోగ్యవంతుల్లో 99 శాతం మంది దానిలోపే ఉండే విలువ) వేరు. ఒక్క విలువ చూసి కాకుండా గంటల తేడాతో రెండు విలువలు చూసి నిర్ణయించాలి. ఇదంతా మేము ఒక సర్క్యులర్‌లో రాసి పంపాం. సర్క్యులర్లు ఎవరు చదువుతారండీ.

రెండోసారి వేరే పరీక్ష మార్చినప్పుడు సర్క్యులర్ మానేసి, నేనే వార్డులకు వెళ్లి పది నిమిషాల చొప్పున మాట్లాడాను. నెలపాటు ప్రతి రిపోర్టు కింద "పద్ధతి మారింది, పాత విలువలతో నేరుగా పోల్చకండి" అని ఒక లైను పెట్టాం. ఫోన్లు రాలేదు.

---

అగార్ ప్లేట్

బాబాయ్ గారి ట్రోపోనిన్‌కి మా మైక్రోబయాలజీ తమ్ముడు ఒకడున్నాడు.

క్షయకి ఎక్స్‌పర్ట్ (Xpert) అనే మిషన్ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదించింది. క్షయ ఉందా, రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందా అనే రెండు ప్రశ్నలకీ దాదాపు రెండు గంటల్లో జవాబు. మా దగ్గర పెట్టిన మొదటి నెల లెక్క తీస్తే, శాంపిల్ ఇచ్చిన దగ్గర్నుంచి డాక్టరు చేతికి రిపోర్టు వెళ్లడానికి పట్టింది రెండు రోజులు! మిషన్ రెండు గంటలే తీసుకుంది. మిగతాదంతా ఏమయింది? కఫం శాంపిల్స్ పొద్దున ఒక్కసారే వచ్చేవి. నాలుగు నిండేదాకా ఆగేవాళ్లం, ఆ నాలుగు గదులూ దేనికది విడిగా నడుస్తాయని తెలిసి కూడా. రిపోర్టులు సాయంత్రం ప్రింట్ చేసి, మర్నాడు పొద్దున పంపేవాళ్లం. పాత కల్చర్ పరీక్ష వారాలు పట్టేది కాబట్టి ఆ ఏర్పాట్లు దానికి సరిపోయాయి. కొత్త పరీక్ష వచ్చింది, ఏర్పాట్లు మాత్రం పాతవే.

ఇంకో సంగతి. ఆ పరీక్ష చూసేది డీఎన్‌ఏ. చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ కూడా పాజిటివ్ చూపిస్తుంది. చికిత్స పనిచేస్తోందా అని మధ్యలో చూడడానికి పంపేవాళ్లు, పాజిటివ్ వచ్చేది, రోగి హడలిపోయేవాడు. ఆ రిక్వెస్టులు ఆపడానికే ఆర్నెల్లు పట్టింది. మాల్డి టాఫ్ (ప్రొటీన్ల బరువు చూసి బాక్టీరియా పేరు చెప్పే మిషన్) వచ్చినప్పుడూ అంతే. కాలనీ తీసి పెడితే నిమిషాల్లో పేరు చెబుతుంది, ముచ్చటేస్తుంది. కానీ ఈ. కోలైకీ షిగెల్లాకీ తేడా దానికి నమ్మకంగా తెలియదు. అది తెలిసిన మనిషి పక్కన ఉండాల్సిందే.

---

ఆంకో అతిథి

నేను పాథాలజిస్టుని కాను, క్యాన్సర్ వైద్యుణ్ణి, రిపోర్టు కోసం ఎదురుచూసేవాణ్ణి. ఒక ఫిర్యాదు వినిపించుకోండి.

ఊపిరితిత్తి బయాప్సీ. సూది అంత సన్నం ముక్కలు. రిపోర్టు వస్తుంది: అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్), ఎనిమిది ఐహెచ్‌సీ మార్కర్లు చేశాం అని. చాలా సంతోషం. మందు ఎంచుకోవడానికి ఈజీఎఫ్ఆర్, ఆల్క్ జన్యు పరీక్షలు అడుగుతాను. పది రోజుల తర్వాత "బ్లాక్‌లో కణజాలం సరిపోదు" అని వస్తుంది. ఆ మనిషిని మళ్లీ పడుకోబెట్టి ఛాతీలోకి సూది గుచ్చాలి. అప్పటికి ఆయన పరిస్థితి దిగజారి ఉంటుంది. మీ ఎనిమిది మార్కర్లలో నాకు పనికొచ్చింది ఒక్కటీ లేదు.

ఇంకా ఎన్‌జీఎస్ రిపోర్టులు. పన్నెండు పేజీలు. నాక్కావాల్సిన ముక్క ఏడో పేజీలో ఉంటుంది. మిగతాదంతా "ప్రాముఖ్యం తెలియని మార్పులు". రోగి కొడుకు ఇంటర్నెట్‌లో వాటిని వెతుక్కుని వచ్చి కూర్చుంటాడు.

---

డీఎన్‌ఏ దారం

ఆంకో గారి కోపం న్యాయమే. మాలిక్యులర్ ల్యాబ్‌లో కూర్చుని ఆ "సరిపోదు" రిపోర్టులు రాసేది నేనే, నాకూ ఏడుపొస్తుంది.

స్లైడ్‌ట్రే గారూ, మీ ఎన్‌జీఎస్ ఆలోచన ఉంది కదా. దాని పని మిషన్ కొనకముందే గ్రాసింగ్ టేబుల్ (వచ్చిన ముక్కను చూసి కోసే చోటు) దగ్గర మొదలవుతుంది. ఊపిరితిత్తి చిన్న బయాప్సీ బ్లాక్‌ని మైక్రోటోమ్ (సెక్షన్లు కోసే మిషన్) మీద ఒకసారి పెడితే ఒకేసారి అన్నీ కోసేయమనండి. హెచ్ అండ్ ఈకి కావాల్సినవి, ఆ వెనకే రంగువేయని ఖాళీ స్లైడులు పదో పదిహేనో. బ్లాక్‌ని తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ తలం సరిచేయడానికి మామ ట్రిమ్ చేయాలి, ఆ ట్రిమ్మింగ్‌లో పోయేదే మీ కణజాలం. అడినోనా, స్క్వామస్ అనే ఇంకోరకం క్యాన్సరా తేల్చడానికి టీటీఎఫ్1, పీ40 మార్కర్లు రెండూ చాలు చాలాసార్లు. మిగతా ఆరూ అలవాటు కొద్దీ వేస్తున్నవే.

తర్వాత ఫార్మలిన్. పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఉండాలి. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 ప్రొటీన్ పరీక్ష కోసం పెట్టిన నియమం అందరికీ తెలుసు: తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, 6 గంటలకు తక్కువ కాకుండా 72 గంటలకు మించకుండా ఉండాలి. డీఎన్‌ఏకి కూడా అదే క్రమశిక్షణ మేలు. ఫార్మలిన్ ఎక్కువైతే డీఎన్‌ఏ ముక్కలు ముక్కలవుతుంది. పైగా డీఎన్‌ఏ అక్షరాల్లో సైటోసిన్ (సీ) చెడి థైమిన్‌లా (టీ) చదవబడుతుంది. తక్కువ మోతాదులో కనబడే సీ నుంచి టీ మార్పు చూసి "మ్యుటేషన్ దొరికింది" అని ఎగిరి గంతేస్తే అది ఫార్మలిన్ చేసిన పని కావచ్చు. ఎముక బయాప్సీలయితే ఇంకా ఘోరం. బలమైన ఆమ్లంలో డీకాల్సిఫై చేసి (కాల్షియం తీసేసి) పంపుతారు, లోపల డీఎన్‌ఏ ఏమీ మిగలదు. ఈడీటీఏ అనే రసాయనం వాడండి, నిదానమే కానీ పనవుతుంది.

చివరగా పెన్ను. మీరు హెచ్ అండ్ ఈ మీద కణితి చుట్టూ గీసే గీత మాకు ప్రాణం. ఆ గీతను చూసి మేము ఖాళీ స్లైడ్ మీద అదే చోట బ్లేడ్‌తో గీకి తీస్తాం. మొన్న ఒక స్లైడ్ వచ్చింది, ముక్క మొత్తం చుట్టూ పెద్ద వృత్తం గీసి "కణితి 70 శాతం" అని రాశారు. మైక్రోస్కోప్ కింద పెడితే గ్రంథుల మధ్య లింఫోసైట్లు (ఒకరకం తెల్లకణాలు) ఇసుక పోసినట్టు ఉన్నాయి. విస్తీర్ణంలో కణితి పెద్దదే, కానీ మాకు కావాల్సింది కేంద్రకాల లెక్క. లింఫోసైట్ చిన్నదైనా దాని డీఎన్‌ఏ మామూలంతే ఉంటుంది. లెక్కేస్తే 20 శాతం కూడా లేదు. 20 శాతం కణితి కణాలుంటే, రెండు ప్రతుల్లో ఒకదాంట్లో ఉన్న మ్యుటేషన్ మాకు దాదాపు 10 శాతంగానే కనబడుతుంది. అంతకన్నా తగ్గితే "మ్యుటేషన్ లేదు" అనడానికి నాకు ధైర్యం చాలదు.

పన్నెండు పేజీల సంగతి ఒప్పుకుంటున్నా. మొదటి పేజీలో మూడు లైన్లలో తేల్చి, తెలియనివి అనుబంధంలోకి నెట్టడం మేమూ ఈమధ్యే నేర్చుకున్నాం. ఇంకో మాట, శాంపిల్స్ తక్కువ వచ్చేచోట ఎన్‌జీఎస్ సొంతంగా పెట్టకండి. రన్ నిండేదాకా ఆగాలి, ఆ ఆగడమే రోగికి నష్టం. బయటికి పంపడమే త్వరగా వస్తుంది.

---

పీజీ రెండో ఏడు

అందరికీ నమస్తే. చిన్న సందేహం, తప్పయితే తిట్టకండి. మా దగ్గర కి-67 లెక్క (విభజన దారిలో ఉన్న కణాల శాతం) ఏఐ చేస్తోంది. సర్లు దాని అంకె చూసి ఊఁ అంటున్నారు. నేను ఇంతవరకు ఒక్క కేసు కూడా చేత్తో లెక్కపెట్టలేదు. రేపు అది తప్పు చెబితే నాకెలా తెలుస్తుంది?

---

మూడో కన్ను

తిట్టడం కాదు, ఈ చర్చలో అసలైన ప్రశ్న ఇదే.

అమెరికాలో ఎఫ్‌డీఏ పూర్తి స్లైడ్ స్కానింగ్‌ని ప్రాథమిక డయాగ్నోసిస్‌కి మొదటిసారి 2017 ఏప్రిల్‌లో అనుమతించింది, ఫిలిప్స్ వారి వ్యవస్థకి. పాథాలజీలో మొదటి ఏఐకి 2021 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, అది పేజ్ ప్రోస్టేట్. ఆ అనుమతిలోని మాట గమనించండి: పాథాలజిస్టుకి సాయంగా మాత్రమే. తనంతట తాను రిపోర్టు ఇచ్చేందుకు కాదు.

సాయం అన్నా సరే, మనసు దాని వైపు మొగ్గుతుంది. తెర మీద ఎర్ర చతురస్రం పడగానే కన్ను అక్కడికే పోతుంది, పడనిచోటికి పోదు. అందుకే మా దగ్గర ఒక నియమం: ముందు మనిషి చూసి తన అభిప్రాయం సిస్టమ్‌లో నమోదు చేయాలి, ఆ తర్వాతే ఏఐ తెరుచుకుంటుంది. పీజీలకైతే నెలకు పది కి-67 కేసులు చేత్తో లెక్కపెట్టడం తప్పనిసరి. విసుక్కుంటారు, కానీ రెండో నెలలోనే ఒకమ్మాయి పట్టేసింది, ఏఐ గోధుమరంగు హీమోసిడెరిన్‌ని (రక్తం నుంచి మిగిలే ఇనుప వర్ణకాన్ని) కి-67 పాజిటివ్‌గా లెక్కేస్తోందని.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చినా, స్కానర్ మారినా మళ్లీ తనిఖీ చేయాలి. ఒక స్కానర్ రంగుల మీద నేర్చుకున్నది ఇంకో స్కానర్ రంగుల మీద తడబడుతుంది.

---

మైక్రోటోమ్ మామ

స్కానర్ దాకా ఎందుకు సార్, స్లైడుకి వేసే నీలం రంగు హీమాటాక్సిలిన్ కొత్త లాట్ వచ్చినా చాలు. మాది కొంచెం నీలం ఎక్కువైంది ఒకసారి. మీరెవరూ గమనించలేదు, మీ కన్ను సర్దుకుంది. ఏఐ మాత్రం ఆ వారమంతా ప్రతి రెండో ప్రోస్టేట్‌కీ జెండా ఎత్తింది. అప్పటి నుంచి కొత్త లాట్ తెరిస్తే అదే పాత కంట్రోల్ బ్లాక్ కోసి, రంగువేసి, స్కాన్ చేసి పక్కపక్కన పెట్టి చూస్తున్నాం.

---

నెట్‌వర్క్ నాగస్వరం

ఐటీ వాడిని. ఎవరూ అడగకపోయినా ఒక లెక్క చెబుతాను. 40 రెట్ల స్కాన్ అంటే పిక్సెల్‌కి సుమారు 0.25 మైక్రాన్లు. 15 మిల్లీమీటర్ల చదరపు ముక్క అంటే ఒక్కో వైపు 60,000 పిక్సెళ్లు. మొత్తం 360 కోట్లు. కుదించకపోతే దాదాపు 11 జీబీ, కుదిస్తే ఒక జీబీ అటూఇటూ. మీ రోజువారీ స్లైడుల సంఖ్యతో గుణించుకుని, ఎన్నేళ్లు దాచాలో నిర్ణయించుకున్నాకే స్టోరేజ్ కొనండి. మా దగ్గర స్కానర్ బడ్జెట్‌లో స్టోరేజ్ అనే మాటే లేదు. మూడో నెలలో నిండింది.

స్లైడ్ మీద బార్‌కోడ్ తప్పనిసరి. ఫైల్ పేరు చేత్తో టైప్ చేసే పద్ధతి ఒక్కరోజు కూడా పెట్టుకోవద్దు. ఒకరి రొమ్ము ఇంకొకరి పేరు మీద తెరుచుకుంటే ఆ తప్పును ఏ వాలిడేషనూ పట్టుకోదు. నెట్‌వర్క్ పడిపోయిన రోజు గాజు స్లైడులు ఎవరి టేబుల్ మీదికి వెళ్లాలో కాగితం మీద రాసి గోడకి అంటించండి. గోడకే, సర్వర్‌లో కాదు.

---

స్లైడ్‌ట్రే

ఏడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

గడువు వాయిదా పడింది. మెయిల్‌కి జవాబుగా పాత మైక్రోస్కోప్ సర్ ప్రశ్నే రాశాను. రెండు పనులకే మొదలుపెట్టాం: సెకండ్ ఒపీనియన్, పాత బయాప్సీతో పోలిక. ఒపీనియన్ నాలుగైదు రోజుల నుంచి చాలాసార్లు అదే రోజుకి వచ్చింది. వదలనన్న డాక్టరు గారు కూడా ఇప్పుడు పాత స్లైడ్ కోసం స్టోర్‌కి మనిషిని పంపకుండా తెర తెరుస్తున్నారు. అడిగితే మాత్రం ఒప్పుకోరు. ఎన్‌జీఎస్ బయటికే పంపుతున్నాం, ఖాళీ స్లైడులు ముందే కోయడం మొదలైంది.

వాలిడేషన్ 64 కేసులు చేశాం. మూడింట్లో తేడా వచ్చింది. ఒకటి హెలికోబాక్టర్, తెర మీద కనబడలేదు. గ్యాస్ట్రిక్ బయాప్సీలు గాజు మీదే ఉంచాలని నిర్ణయించాం. ఒకటి మైటోసిస్ లెక్క, గ్రేడ్ మారింది. మూడోది నాకు నిద్రపట్టనివ్వలేదు. రొమ్ము కోర్ బయాప్సీ. తెర మీద హానిరహితం అని రాశాను. రెండు వారాల తర్వాత గాజు మీద చూస్తే ఒక మూల, కొవ్వు మధ్యలో, చిన్న లోబులర్ కార్సినోమా (ఒకరకం రొమ్ము క్యాన్సర్). స్కాన్‌లో అది లేనే లేదు. స్కానర్ తీసే చిన్న నమూనా ఫోటో తెరిచి చూశాను. కొవ్వు పాలిపోయి ఉంది కాబట్టి అక్కడ కణజాలం లేదనుకుని ఆ ముక్కను, స్కాన్ హద్దుగా తను గీసుకునే పచ్చ గీత బయట వదిలేసింది. నేను చూసినదంతా సరిగ్గానే చూశాను, చూడాల్సినది నా ముందుకి రాలేదు. పాత కేసు, అసలు రిపోర్టు ఎప్పుడో గాజు మీదే సరిగ్గా వెళ్లింది కాబట్టి సరిపోయింది.

దీనికి మీరంతా ఏం చేస్తున్నారు?

---

మూడో కన్ను

రొమ్ము, కొవ్వు ఎక్కువున్నవి, మ్యూసిన్ (జిగట పదార్థం) ఎక్కువున్నవి ఆటోమేటిక్ హద్దు మీద వదలకండి, స్లైడ్ మొత్తం స్కాన్ పెట్టండి. సమయం, స్టోరేజ్ రెండూ ఎక్కువవుతాయి, తప్పదు. ఇక ప్రతి కేసుకీ ఆ చిన్న నమూనా ఫోటో తెరిచాకే పెద్దది తెరవాలి.

---

మైక్రోటోమ్ మామ

దానికి ముందు ఇంకోటి ఉంది. గ్రాసింగ్‌లో ముక్కలు లెక్కపెట్టి రాస్తున్నారా? "కోర్లు కొన్ని" అని కాదు, 5 అంటే 5. ఎంబెడింగ్ (మైనంలో పెట్టడం) చేసేవాడు అదే అంకె చూసి 5 పెట్టాలి, స్లైడ్ మీద మధ్యలో పెట్టాలి, అంచున కాదు. స్కాన్ చేసేవాడు నమూనా ఫోటోలో మళ్లీ 5 లెక్కపెట్టాలి. 4 కనబడితే మీ దాకా రానివ్వకూడదు. మా దగ్గర ఆ అంకె రాయడానికి రిక్వెస్ట్ ఫారం మీద ఒక చిన్న గడి గీశాం. కావాలంటే దాని ఫోటో పెడతాను.

---

స్లైడ్‌ట్రే

పెట్టండి మామా. రేపు పొద్దున్నే ప్రింట్ తీయిస్తాను.